గోడలో చిక్కిన మనిషి

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా తమ్ముడి కొడుకు వాళ్ళమ్మతో కలిసి కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నం కూలరు ముందు బోర్లా పడుకుని ఫోనులో ఏదో చూస్తూ, అత్తా ఇటు రా, ముప్పై ఏళ్ళుగా ఎవరికీ తెలియని రహస్యమట చూడు, అని నన్ను పిలిచాడు. ఎవరో కళ్ళజోడు కుర్రాడు పాతకాలపు వీడియో గేముల్లో దాగిన వింతలను ఒక్కొక్కటే విప్పి చెబుతున్నాడు. ఒక గెంతుడు ఆటలో మూడో మెట్టు, అంటే మూడో లెవెల్, సొరంగం చివర మనిషి గోడలో ఇరుక్కుపోతాడనీ, అది ఆట తయారుచేసిన వాళ్ళ పొరపాటనీ, అయితే ఆ గోడ లోపల కంటికి కనిపించని ఇటుక ఒకటి ఉందనీ, దాన్ని లోకంలో మొట్టమొదట తానే కనిపెట్టాననీ గొప్పగా చెప్పుకుపోతున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ఇటుకను తొంభైల మొదట్లో, శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీలో మా రెండు గదుల క్వార్టరులో, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా బాపు, అంటే మా నాన్న, కనిపెట్టాడు. దానికి ఆయనకు మూడు రోజులు పట్టింది.

నా ఈడు వాళ్ళకు ఆ టీవీ ఆటల పెట్టె గుర్తుండే ఉంటుంది. ఎర్రదీ తెల్లదీ కలిసిన ప్లాస్టిక్ పెట్టె, దానికి వైర్లతో రెండు రిమోట్లు, పైన దోపడానికి పసుపుపచ్చ క్యాసెట్టు. క్యాసెట్టు అట్ట మీద వంద ఆటలని ఉండేది గానీ, లోపల చూస్తే ఏడో ఎనిమిదో ఆటలనే రంగులు మార్చి మార్చి వంద చేసేవాళ్ళు. బొమ్మ రాకపోతే క్యాసెట్టు ఊడదీసి నోటితో ఊదాలి, మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ ఊదాలి. ఊదితే నిజంగా ఏమవుతుందో ఎవరికీ తెలియదు, అయినా ఊదని ఇల్లు లేదు. అందులో మా ఇంట్లో అందరూ ఆడింది ఒక్కటే, నీలం చొక్కా వేసుకున్న పొట్టి మనిషి గుంతలు దూకుతూ, తలతో ఇటుకల్ని గుద్ది పండ్లు రాల్చుకుంటూ పోయే ఆట. దాని పేరేమిటో మాకు తెలియదు. మేము దాన్ని గెంతుడాట అనేవాళ్ళం.

ఆ పెట్టెను మా ఇంటికి తెచ్చింది మా మేనమామ. అవ్వకు, అంటే మా అమ్మకు, అందరికంటే చిన్న తమ్ముడు. అవ్వ పుట్టింటివాళ్ళు నేతపని వాళ్ళు, మరమగ్గాల మీద పొద్దస్తమానం నిలబడ్డా నలుగురికి కడుపు నిండే కూలీ రాక, మామ మగ్గం వదిలి మా దగ్గరికొచ్చి బాయిలో పనికి కుదిరాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. తట్టలకు బొగ్గు ఎత్తే పని ఆయనది. పెళ్ళి కాలేదు, సంబంధాలు చూస్తున్నారు, మా ఇంట్లోనే ఉండేవాడు. దసరా బోనసు చేతిలో పడగానే కరీంనగర్ పోయి, చొక్కా గుడ్డలు కొనుక్కు రమ్మంటే ఈ పెట్టె కొనుక్కొచ్చి మా తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. అవ్వ నాలుగు రోజులు సణిగింది. తమ్ముడి పేరు చెప్పి తెచ్చాడే గానీ, అసలు ఆడేది ఆయనే. ఇరవై ఆరేళ్ళ మనిషి, షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసీ చేయకముందే టీవీ ముందు కూచుని, నీలం చొక్కా మనిషితో పాటు తానూ ఎగిరేవాడు.

ఆ ఆటలోని కిటుకులు ఆయనే మాకు నేర్పాడు. గుంత అంచున చివరి ఇటుక దాటి ఒక్క వేలెడు ముందుకు నిలబడితే మనిషి పడిపోకుండా గాలిలో నిలబడతాడు, అది మామ కనిపెట్టిందే. ఇంకొకటి అవ్వ కనిపెట్టింది. ఒకరోజు బియ్యం ఏరుతూ టీవీ వైపు చూసి, పైన తెల్ల మబ్బూ కింద పచ్చ పొదా ఒకటే బొమ్మ, రంగు మార్చిండ్రు అంతే, అంది. మేము పోల్చి చూస్తే నిజమే, ఒక్క గీత తేడా లేదు. చీర అంచుల్లో ఒకే పువ్వును రంగు మార్చి ఎన్నిసార్లు నేస్తారో చూసిన కళ్ళు కదా, ఆమెను మోసం చేయడం ఆ ఆట చేసినవాళ్ళ తరం కాలేదు.

బాపు మాత్రం ఆ ఆట ముట్టలేదు. ఆయన బాయిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు, కార్మికులు లోపలికి అడుగు పెట్టే ముందు, పనిచోటుకు తానొక్కడే పోయి పైకప్పును కర్రతో తట్టి చూడడం ఆయన పని. ఒక చేత్తో తడుతూ రెండో అరచేతిని కప్పుకు ఆనించాలి. గట్టి రాయి అయితే సప్పుడు గణగణమంటుంది, పొర వదిలిన చోట డొల్లగా పలుకుతుంది, అరచేతికి సన్నగా అదురు తెలుస్తుంది. బాగుందనుకుంటే అక్కడ సుద్దముక్కతో తన పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం చూశాకే మిగతావాళ్ళు లోపలికి వస్తారు. ఈ అలవాటు ఆయనకు ఎముకల్లోకి ఎక్కింది. చుట్టాలింటికి పోయినా గుమ్మంలో ఆగి ఒకసారి పైకి చూసేవాడు. బావ అత్తగారింట్ల గూడ కప్పు తట్టినంకనే అన్నం తింటడు అని మామ ఏడిపించేవాడు. బాపు నవ్వేవాడు.

పెట్టె వచ్చిన రెండు నెలలకు, ఒక ఉదయం షిఫ్టులో, బాపు తట్టి సంతకం పెట్టిన చోటే కప్పు కూలింది. మిగతావాళ్ళు బయట పడ్డారు. మామ అవతల ఉండిపోయాడు.

ఇక్కడ బిళ్ళల సంగతి చెప్పాలి. బాయిలోకి దిగేముందు ప్రతి మనిషీ ల్యాంపు రూము కిటికీలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. ఆ బిళ్ళ అక్కడ కొక్కేనికి వేలాడుతుంది. పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నాడని లెక్క. ఆ రోజు అన్ని బిళ్ళలూ పోయి మామది ఒక్కటే మిగిలింది. బాపును మళ్ళీ దిగనివ్వలేదు. తవ్వుతున్న కొద్దీ కప్పు రాలుతూ ఉందని పని ఆపుతూ మొదలుపెడుతూ మూడో రోజుకు మామను బయటికి తెచ్చారు. ఆ మూడు రోజులూ బాపు ఆ కిటికీ ముందు ఆ ఒక్క బిళ్ళను చూస్తూ నిలబడే ఉన్నాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

విచారణ జరిగింది, ఎవరి తప్పూ లేదని తేల్చారు. కానీ బాపు మళ్ళీ పనికి పోలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, అన్నం గిన్నె కట్టించుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి కూచునేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి. అవ్వ ఆయనను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు భయంగా ఉండేది. ఇద్దరి మధ్యా ఉప్పు, పప్పు, నీళ్ళ నల్లా తప్ప వేరే మాట లేదు. చివరికి బాయి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నెలాఖరు లోగా హాజరు కాకపోతే పేరు కొట్టేస్తారని అందులో ఉంది. పేరు పోతే క్వార్టరూ పోతుంది. నేనప్పుడు ఇంటర్ పాసై, మంచిర్యాలకు టైపు నేర్చుకోవడానికి పోయివస్తున్నాను. కాగితం చదివి వినిపించింది నేనే. బాపు విని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

మామ పోయినప్పటి నుంచీ ఆటల పెట్టె సజ్జ మీదికి ఎక్కింది. ఆ శనివారం మధ్యాహ్నం తమ్ముడు ఇంక ఆగలేక దాన్ని దించి, దుమ్ము తుడిచి, క్యాసెట్టు ఊది పెట్టాడు. పదమూడేళ్ళ వాడు, వాడు మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు. వాడు మూడో మెట్టు దాకా పోయాడు. ఆ మెట్టు మొత్తం నేల కింద సొరంగం. చివరి గోడ దగ్గర కిందికి వంగి వెనక్కి గెంతబోయాడు, ఏం నొక్కాడో ఏమో, నీలం చొక్కా మనిషి గోడలోకి దూరిపోయాడు. ఇటుకల మధ్య టోపీ మాత్రం కనిపిస్తోంది. ముందుకు నొక్కితే కదలడు, వెనక్కి నొక్కితే కదలడు. ఆ ఆటలో టైము అయిపోవడం లేదు కాబట్టి చావడు కూడా. తమ్ముడు విసుక్కుని, ఇది పాడైంది అని పెట్టె మీది బటన్ నొక్కబోయాడు.

వెనక మంచం మీద పడుకున్నాడనుకున్న బాపు ఎప్పుడు లేచాడో, వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బందు చెయ్యకు. లోపల మనిషున్నడు."

తమ్ముడు బిత్తరపోయి రిమోటు వదిలేశాడు. బాపు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. అది బొమ్మ అని ఆయనకు తెలియక కాదు. ఆయనకు మతి చలించిందని కాలనీలో కొందరు అనుకున్నారు గానీ, దగ్గరుండి చూసిన నాకు అలా అనిపించలేదు. వదిలేసి రావడం ఇంకోసారి తన వల్ల కాదు, అంతే.

మొదటిరోజు ఆయన అందరిలాగే ముందుకే నొక్కాడు. రెండోరోజు పొద్దున, చూరులో దాచిన సుద్దముక్క తీసి, టీవీ ముందు గచ్చు మీద ఆ గోడను ఇటుక ఇటుకగా గీశాడు. మనిషిని గెంతించి తలతో తట్టిన చోటల్లా ఒక గుర్తు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆదివారం. మా వరసలో టీవీ ఉన్నది మాకొక్కరికే కాబట్టి, పొద్దున పురాణాల సీరియల్ చూడడానికి ఆరేడిళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అవ్వ గడపలోనే అడ్డం నిలబడి, టీవీ ఖరాబైంది, బొమ్మ వస్తలేదు అని చెప్పింది. కిటికీలోంచి బొమ్మ కనిపిస్తూనే ఉంది, లోపల టింగుటింగుమని పాట వినిపిస్తూనే ఉంది. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. పుట్టి బుద్ధెరిగాక అవ్వ అంత అందంగా అబద్ధమాడడం నేను చూడలేదు.

ఇంకో సంగతి కూడా చూశాను. అవ్వకు ఇల్లు రోజుకు రెండుపూటలా ఊడ్చి, తడిగుడ్డతో తుడవకపోతే తోచదు. ఆ మూడు రోజులూ ఆమె ఆ సుద్దగీతల చుట్టూ ఊడ్చింది, చుట్టూ తుడిచింది, ఒక్క గీత చెరగనివ్వలేదు. బాపు తల ఎత్తి చూడలేదు గానీ, ఆమె చీపురు దగ్గరికొచ్చినప్పుడు కాళ్ళు జరిపి దారి ఇచ్చేవాడు. మూడు నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే అనుకుంటాను. గని కాలనీ కాబట్టి మాకు కరెంటు పోయేది కాదు. ఊళ్ళో అయితే ఈ కథ మొదటిరోజే అయిపోయేది. పెట్టె వేడెక్కి పోతుంటే తమ్ముడు అట్టముక్కతో విసిరేవాడు.

సోమవారం మధ్యాహ్నం నేను టైపు నుంచి వచ్చేసరికి బాపు పద్ధతి మార్చాడు. బాయిలో దారి మూసుకుపోయినప్పుడు ముందుకు పోరాదు, గాలి వచ్చిన వైపుకే మళ్ళాలి అని, ఎవరితో అన్నట్టు కాకుండా చెబుతూ, మనిషి మొహాన్ని వచ్చిన దారివైపు తిప్పాడు. వెనక్కి నొక్కుతూ గెంతిస్తే ఆ మనిషి వెంట్రుకవాసి జరుగుతున్నాడు. మాలాంటి తొందరగాళ్ళకు అది కనిపించనే లేదు. బాపు అలా వెంట్రుకవాసి జరిపి ఒకసారి తల కొట్టించడం, చెవి టీవీకి ఆనించి వినడం, గచ్చు మీద గుర్తు పెట్టడం, మళ్ళీ జరపడం. టక్, టక్, టక్. తల కొట్టించేటప్పుడల్లా ఎడమ అరచేయి టీవీ పెట్టె మీద ఆనించాడు. బాయిలో బాపు ఎలా పని చేస్తాడో నేను కళ్ళతో చూసింది అదొక్కసారే.

ఎన్ని వందలసార్లు కొట్టించాడో తెలియదు. ఒకచోట టక్కుమనలేదు, డొబ్బుమంది. బాపు ఆగిపోయాడు. తమ్ముడిని విసరడం కూడా ఆపమన్నాడు. మళ్ళీ కొట్టించాడు, డొబ్. మూడోసారి కొట్టగానే ఏమీ లేని చోట ఒక ఇటుక వెలిగింది, నీలం చొక్కా మనిషి దాని మీదికి ఎగబాకి గోడ నెత్తిన తేలాడు. అక్కడ, మార్కుల అంకెల వెనక, ఏ పండూ ఏ శత్రువూ లేని ఖాళీ నల్ల ఆకాశంలో తిన్నగా నడుచుకుంటూ గోడ దాటి అవతల దిగాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు. బాపు గంతెయ్యలేదు. రిమోటు మెల్లగా కింద పెట్టాడు.

అవ్వ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. బాపు ఆమె వైపు చూడకుండా, గచ్చు మీది గీతలను చూస్తూ అన్నాడు.

"గా దినం గూడ గిట్లనే తట్టిన. చెయ్యి ఆనిచ్చి సూసిన. సప్పుడు మంచిగనే ఉండె. డొల్ల అనిపియ్యలే."

"నాకెరుకనే" అంది అవ్వ. "నువ్వు తట్టకుంట ఎవ్వర్ని లోపలికి పంపవని నా తమ్ముడే చెప్తుండె. నేనెన్నడన్న నిన్నొక మాటన్ననా?"

"అనలే. నువ్వు అనకపోతేనే నాకు భయమైంది."

అవ్వ వచ్చి ఆ గీతల పక్కనే కూలబడింది. మామ పోయిన రోజు కూడా ఎవరి మూల వాళ్ళు ఏడ్చిన మనుషులు, ఆ రోజు ఒకచోట కూచుని ఏడ్చారు. నేను తమ్ముడిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాను. మేము తిరిగి వచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది, గచ్చు తుడిచి ఉంది.

నెలాఖరుకు రెండు రోజుల ముందు బాపు ఆఫీసుకు పోయి, కప్పు తట్టే పని తన వల్ల కాదని, ల్యాంపు రూములో ఏ పనైనా ఇవ్వమని అడిగాడు. సర్దారు పని చేసినవాడు బిళ్ళలు అందించడమేమిటని నవ్విన వాళ్ళున్నారు, జీతం తగ్గింది కూడా. ఆయన రిటైరయ్యే దాకా ఆ కిటికీలోనే పని చేశాడు. తన షిఫ్టులో దిగినవాళ్ళ బిళ్ళలన్నీ కొక్కేల మీంచి పోయేవరకు, అవతలి షిఫ్టు మనిషి వచ్చి కూచున్నా సరే, ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోయేది. అవ్వ ఏ రోజూ ఆలస్యమెందుకైందని అడగలేదు, ఈసారి ఆ అడగకపోవడం మమ్మల్ని భయపెట్టలేదు.

బాపు పోయి ఎనిమిదేళ్ళు. ఆయన పనిచేసిన బాయి మూసేశారు. ఇప్పుడంతా పైనుంచే నేలను ఒలిచి బొగ్గు తీస్తున్నారు, తట్టి చూడడానికి నెత్తిన కప్పే లేదు. మంచిదే, మనుషులు చావకపోతే అంతకంటే కావలసిందేముంది. ఆ కళ్ళజోడు కుర్రాడి మీద కూడా నాకు కోపం లేదు. ఆట తయారుచేసిన వాళ్ళలో ఎవరో, పరీక్షించి చూసేటప్పుడు తానే ఆ గోడలో చిక్కుకుని, బయట పడడానికి ఆ ఇటుక పెట్టుకుని తీసేయడం మరిచి ఉంటాడని అతను చెప్పాడు. మరిచి ఉంటాడని నేననుకోను. తనలాగే ఇంకెవడైనా చిక్కుకుంటాడేమోనని ఉంచి ఉంటాడు. ఎక్కడో సముద్రాల అవతల కూచున్న ఆ మొహం తెలియని మనిషికి మా ఇల్లు ఎంత రుణపడి ఉందో చెప్పడానికి నాకు చిరునామా తెలియదు. ఇప్పుడు ఏ రహస్యమైనా పది నిమిషాల వీడియోలో దొరికిపోతుంది, ఏ గోడలో చిక్కినా వేలితో పైకి తోసేస్తే ఆట మాయమవుతుంది. మేము మూడు రోజులు కూచున్నామంటే వింతగా చూస్తారు, కానీ ఆ మూడు రోజులే లేకపోతే మా అవ్వా బాపూ మిగిలిన జీవితమంతా ఉప్పూ పప్పూ మాటలతోనే వెళ్ళదీసేవాళ్ళేమో.

ఆ మధ్యాహ్నం మా మేనల్లుడు అదే ఆటను ఫోనులోకి దించుకుని, మాకు చూపించడానికని మనిషిని మూడో మెట్టు గోడలోకి దూర్చాడు. అంతలో వాళ్ళమ్మ అన్నానికి పిలిచింది. వాడు ఆట మూసేయబోయాడు. మూలన మంచం మీద నిద్రపోతోందనుకున్న అవ్వ, ఎనభై దగ్గర పడ్డ మనిషి, కళ్ళు తెరవకుండానే అంది.

"ముందుగాల ఆయన్ని బయటికి తియ్యి బిడ్డా."

వాడు నా వైపు చూశాడు. నేను ఫోను తీసుకున్నాను. మనిషి మొహం వచ్చిన దారివైపు తిప్పి, వెంట్రుకవాసి జరిపి, తల కొట్టించాను. ఏమీ వినిపించలేదు. ఇప్పటి పిల్లలందరిలాగే వాడు ఫోనును మూగగా పెట్టుకున్నాడు.

"సప్పుడు పెట్టు" అంది అవ్వ.

సప్పుడు పెట్టాక, గదిలో అందరం మాటలు ఆపి వింటూ కూచున్నాం. టక్, టక్, టక్. అన్నాలు చల్లారాయి. చాలాసేపటికి ఒకచోట డొబ్బుమంది, అవ్వ అరచేయి మంచం పట్టె మీద ఆనింది.